రథం దిగిన సారథి: హెడ్ కోచ్ ఎప్పుడు కలగజేసుకోవాలి?

మన క్లబ్ పత్రికలో ఫుట్‌బాల్ గురించి వ్యాసమేంటి అని ఆశ్చర్యపోకండి. ముందు మనందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడతాను.

కురుక్షేత్రంలో భీష్ముడు పాండవ సేనను చీల్చి చెండాడుతున్నాడు. అర్జునుడికి తాత మీద బాణం వేయడానికి చెయ్యి రావడం లేదు. ఆయుధం పట్టనని మాటిచ్చిన కృష్ణుడు ఇక చూడలేకపోయాడు. పగ్గాలు వదిలేసి, రథం మీంచి దూకి, చక్రం పట్టుకుని భీష్ముడి మీదకి పరిగెత్తాడు. అర్జునుడు వెనకాలే వెళ్లి కాళ్లు పట్టుకుని ఆపాడు. 'ఇక నేను గట్టిగా పోరాడతాను, నువ్వు వెనక్కి రా' అన్నాడు. తిక్కన భారతంలో, పోతన భాగవతంలో ఈ ఘట్టం చదివినవాళ్లకి కృష్ణుడి దూకుడే గుర్తుండిపోతుంది. నాకు మాత్రం ఆ తర్వాత జరిగింది ముఖ్యం అనిపిస్తుంది. కృష్ణుడు వెనక్కి వచ్చి మళ్లీ పగ్గాలు పట్టుకున్నాడు. యుద్ధం అర్జునుడే చేశాడు.

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఈ ఘట్టం దాదాపు ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతుంది. డిఫెన్స్ కుప్పకూలుతుంది, హెడ్ కోచ్ రథం దిగుతాడు. దిగాక ఏం చేశాడు, ఏమైంది అన్నదే ఈ వ్యాసం.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు

ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, తలకి హెల్మెట్, ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకి వెళ్లాలి. వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. వాళ్లని ఆపడమే డిఫెన్స్ పని.

ప్రతి ప్రయత్నానికీ ముందు డిఫెన్స్ ఏ పద్ధతిలో నిలబడాలో ఒకరు నిర్ణయించాలి. ఎంతమంది మీదకి దూకాలి, ఎవరు ఎవరిని కాచుకోవాలి, ఎవరు వెనక ఉండాలి అన్నీ అందులోనే. క్రికెట్‌లో ప్రతి బంతికీ ముందు ఫీల్డ్ మొత్తం మార్చడం లాంటిది. ఈ నిర్ణయాన్ని ప్లే-కాల్ అంటారు. చెప్పేది మామూలుగా డిఫెన్సివ్ కోఆర్డినేటర్. కొందరు మైదానం అంచున నిలబడి చెబుతారు, కొందరు పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చుని చెబుతారు.

టైమ్ ఎక్కువ ఉండదు. ఒక ప్లే అయిపోయాక తర్వాతి ప్లేకి గడియారంలో 40 సెకన్లు. 2024 నుంచి పై స్థాయి కాలేజ్ జట్లలో ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో పెట్టుకోవచ్చు. గడియారం 15 సెకన్లకి రాగానే అది కూడా మూగబోతుంది. అంతకు ముందంతా చేతి సైగలు, బొమ్మల బోర్డులే. పైగా ఎదుటి జట్టు 40 సెకన్లూ ఆగదు. టెంపో పెంచి, డిఫెన్స్ సర్దుకునేలోపే బంతి కదిలించేస్తుంది. 11 మందిలో ఒక్కడికి సైగ అర్థం కాకపోయినా ఎదుటివాడు ఖాళీగా దొరికిపోతాడు.

అందుకే కోఆర్డినేటర్ ఉద్యోగం కత్తి మీద సాము. తెలివైన పథకం గీయడం ఒక ఎత్తు. ఆ పథకం 20 ఏళ్ల కుర్రాళ్ల బుర్రలోకి సెకన్లలో ఎక్కించడం ఇంకో ఎత్తు. చాలా డిఫెన్సులు పథకం తక్కువై కాదు, ఎక్కువై పడిపోతాయి. పరీక్ష ముందు రాత్రి ఆరు యూనిట్లూ చదివినవాడు హాల్లో ఏదీ గుర్తురాక కూర్చున్నట్టు.

మెట్లు నాలుగు

జట్టు వరసగా ఓడిపోతుంటే హెడ్ కోచ్ ముందు నాలుగు దారులుంటాయి. నేను వీటిని మెట్లు అనుకుంటున్నాను, ఎందుకంటే ఒక్కోటి దిగేకొద్దీ వెనక్కి ఎక్కడం కష్టం.

మొదటిది, డిఫెన్స్ మీటింగుల్లో కూర్చోవడం. పథకాన్ని తగ్గించమని, టాకిలింగ్ సాధన పెంచమని చెప్పడం. నిర్ణయం మాత్రం కోఆర్డినేటర్‌దే.

రెండోది, కోఆర్డినేటర్‌ని పదవిలో ఉంచి ప్లే-కాల్ తను తీసుకోవడం.

మూడోది, అతని హోదా తగ్గించి జట్టులోనే వేరే పని అప్పగించడం.

నాలుగోది, పంపించేయడం.

చివరి మూడింటికీ మనకి నిజమైన ఉదాహరణలున్నాయి. మొదటి మెట్టు మాత్రం బయటికి కనిపించదు. అది బాగా పనిచేస్తే వార్తే అవదు.

ఒకే కోచ్, రెండు సార్లు

యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ, అందరూ బీవైయూ అంటారు. అక్కడ బ్రాంకో మెండెన్‌హాల్ ముందు డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా చేసి, 2005లో హెడ్ కోచ్ అయ్యాడు. అంటే డిఫెన్స్ ఆయన సొంత సబ్జెక్టు.

2010లో జట్టు మొదటి 5 మ్యాచుల్లో 4 ఓడింది. యూటా స్టేట్ చేతిలో 31-16తో ఓడాక, కోఆర్డినేటర్ జేమీ హిల్‌ని పంపించేసి డిఫెన్స్ తనే తీసుకున్నాడు. ఆ ముందు 5 మ్యాచుల్లో ఎదుటి జట్లు చేసిన పాయింట్లు కూడితే 144, సగటు 28.8. తర్వాతి 8 మ్యాచుల్లో 137, సగటు 17 చిల్లర. ఆ 8లో 6 గెలిచి, సీజన్‌ని 7-6తో ముగించారు. బౌల్ మ్యాచ్‌లో యూటెప్ మీద 52-24తో గెలుపు.

ఇక్కడ మన ఇంజినీరింగ్ బుద్ధితో ఒక మాట అనుకోవాలి. రెండు సగటులు పక్కపక్కన పెట్టి 'చూశారా, కోచ్ మారగానే అంతా మారింది' అనేస్తే ల్యాబ్ రికార్డులో మార్కులు కోస్తారు. ముందు ఆడిన వాటిలో ఫ్లోరిడా స్టేట్, నెవాడా లాంటి గట్టి జట్లున్నాయి. తర్వాత వచ్చినవాటిలో బలహీనమైనవి చాలా ఉన్నాయి. గట్టిదైన టీసీయూ ఎదురైనప్పుడు 31-3తో ఓడిపోయారు. కాబట్టి మార్పు నిజమే గానీ, మొత్తం ఘనత ఒక్కరి ఖాతాలో వేయలేం.

నాలుగేళ్ల తర్వాత అదే కథ. 2014లో బీవైయూ 4 మ్యాచులు గెలిచి మొదలుపెట్టింది. తర్వాత వరసగా 4 ఓడింది. ఆ నాలుగింటిలో ఎదుటివాళ్లు చేసినవి 35, 31, 42, 55. ముఖ్యమైన క్వార్టర్‌బ్యాక్ టేసమ్ హిల్ కాలు కూడా విరిగింది. మెండెన్‌హాల్ మళ్లీ రథం దిగాడు. ఈసారి కోఆర్డినేటర్ నిక్ హోవెల్‌ని పంపించలేదు. ప్లే-కాల్ తను తీసుకుని, హోవెల్‌ని పక్కనే ఉంచుకున్నాడు. తర్వాతి మ్యాచ్‌లో మిడిల్ టెనెసీకి దక్కినవి 7 పాయింట్లు. సీజన్‌లో మిగిలిన 4 మ్యాచులూ గెలిచారు. బౌల్‌లో మాత్రం మెంఫిస్ చేతిలో రెండు ఓవర్‌టైముల తర్వాత 55-48తో ఓడారు. అంటే ఇది మంత్రదండం కాదు.

కానీ నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం. 2015 చివర్లో మెండెన్‌హాల్ వర్జీనియా యూనివర్సిటీకి వెళ్లాడు. వెళ్తూ హోవెల్‌ని వెంట తీసుకెళ్లాడు, అక్కడ మళ్లీ డిఫెన్స్ బాధ్యత అప్పగించాడు. 2019లో ఆ జట్టు తన డివిజన్ గెలిచింది. ఒకప్పుడు చేతిలోంచి ప్లే-కాల్ పోగొట్టుకున్న మనిషికే ఆ పని మళ్లీ దక్కింది. రెండో మెట్టు మీద ఆగితే ఇలాంటి దారి తెరిచి ఉంటుంది. నాలుగో మెట్టు దిగాక ఉండదు.

సగటు బాగుపడింది, ఉద్యోగం పోయింది

ఇప్పుడు టెక్సాస్. చార్లీ స్ట్రాంగ్ కూడా డిఫెన్స్ మనిషే. 2008లో జాతీయ ఛాంపియన్ అయిన ఫ్లోరిడా జట్టుకి డిఫెన్సివ్ కోఆర్డినేటర్. 2014లో టెక్సాస్ హెడ్ కోచ్‌గా వచ్చినప్పుడు తన కోఆర్డినేటర్‌గా వాన్స్ బెడ్‌ఫర్డ్‌ని తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఫ్లోరిడాలో, లూయివిల్‌లో కలిసి పనిచేసిన పాత సహచరులు.

2016 మొదటి 4 మ్యాచుల్లో టెక్సాస్ ఇచ్చుకున్న పాయింట్లు 47, 7, 50, 49. అక్టోబర్ 1న ఓక్లహోమా స్టేట్ చేతిలో 49-31తో ఓడాక స్ట్రాంగ్ మూడో మెట్టు దిగాడు. బెడ్‌ఫర్డ్‌ని వెనక వరస ఆటగాళ్ల కోచింగ్‌కి మార్చి, డిఫెన్స్ తన చేతిలోకి తీసుకున్నాడు. స్నేహితుడి చేతిలోంచి పని లాక్కోవడం ఎంత కష్టమో స్కోరుబోర్డు చెప్పదు.

లెక్క చూద్దాం. మొదటి 4 మ్యాచుల సగటు 38.25. తర్వాతి 8 మ్యాచుల్లో 45, 6, 24, 34, 37, 24, 24, 31. మొత్తం 225, సగటు 28.1. సుమారు 10 పాయింట్లు తగ్గాయి! ఓవర్‌టైములూ డిఫెన్స్‌తో సంబంధం లేని పాయింట్లూ ఇందులో కలిసి ఉన్నాయి, అయినా తేడా చిన్నది కాదు.

మరి ఫలితం? ఆ 8లో గెలిచినవి 3. 1938 తర్వాత టెక్సాస్‌ని ఓడించని కాన్సాస్, ఓవర్‌టైమ్‌లో 24-21తో ఓడించింది. సీజన్ 5-7. చివరి మ్యాచ్ అయిన మర్నాడే స్ట్రాంగ్‌ని తీసేశారు.

అంటే డిఫెన్స్ బాగుపడినా జట్టు బాగుపడలేదు. ఒక్క కారణంతో జట్టు ఓడదు కాబట్టి స్ట్రాంగ్ నిర్ణయమే తప్పని నేను అనడం లేదు. కానీ ఒక సంగతి ఆలోచించాలి. హెడ్ కోచ్ పని అంటే డిఫెన్స్ ఒక్కటే కాదు. నాలుగో ప్రయత్నంలో సాహసం చేయాలా వద్దా, టైమ్ అవుట్ ఎప్పుడు తీసుకోవాలి, ఎవరు కుంగిపోయి ఉన్నారు, ఇవన్నీ ఆయన చూడాలి. డిఫెన్స్ ప్లే-కాల్ తీసుకున్న కోచ్, తన జట్టు బంతితో ఆడుతున్నప్పుడు కూడా బెంచ్ దగ్గర డిఫెన్స్ కుర్రాళ్లకి జరిగిన తప్పులు వివరిస్తూ ఉండాలి. సారథి కిందకి దిగితే చక్రం తిరుగుతుంది సరే, గుర్రాల సంగతి ఎవరు చూస్తారు?

సీజన్ మధ్యలో కాదు, ముందే

ఈ మధ్య రెండు జట్లు దీనికి వేరే జవాబు చూపించాయి. టెక్సాస్ ఏ అండ్ ఎంలో మైక్ ఎల్కో, ఓక్లహోమాలో బ్రెంట్ వెనబుల్స్. ఇద్దరూ హెడ్ కోచ్ కాకముందు పేరున్న డిఫెన్సివ్ కోఆర్డినేటర్లే. ఇద్దరూ 2025 సీజన్‌లో డిఫెన్స్ ప్లే-కాల్ తామే తీసుకున్నారు. ఎల్కో దగ్గర కోఆర్డినేటర్ పదవిలోనే ఉన్నాడు. వెనబుల్స్ దగ్గర ఉన్నాయన వేరే యూనివర్సిటీకి వెళ్లాక ఆ పని ఆయనే చేశాడు. 2024లో 6-7తో ముగించిన ఓక్లహోమా 2025లో ప్లేఆఫ్ చేరింది. ఏ అండ్ ఎం కూడా చేరింది.

తేడా ఎక్కడంటే, వీళ్లు మునిగిపోతున్నప్పుడు దూకలేదు. సీజన్ మొదలవకముందే నిర్ణయించుకున్నారు. మిగతా పనులు ఎవరు చూడాలో సర్దుకోవడానికి నెలల టైమ్ దొరికింది. కుర్రాళ్లకీ ఎవరి గొంతు వినాలో మొదటి రోజు నుంచే తెలుసు.

మన సంగతి

ఇదంతా నేనెందుకు చదివానో చెప్పి ముగిస్తాను. పోయినేడాది టెక్ ఫెస్ట్‌కి మా టీమ్ లైన్ ఫాలోయర్ రోబో చేసింది. కోడ్ రాసింది ఒక జూనియర్. మలుపుల దగ్గర రోబో గీత దాటి వెళ్లిపోతోంది. పోటీ ముందు రాత్రి రెండింటికి నేను వాడి చేతిలోంచి లాప్‌టాప్ తీసుకుని మొత్తం నేనే రాసేశాను. పొద్దున రోబో బాగానే తిరిగింది. ఫొటోలు దిగాం.

వాడు తర్వాతి మీటింగ్‌కి రాలేదు. నెల తర్వాత క్యాంటీన్‌లో కనబడితే అడిగాను. "అన్నా, నేనెక్కడ తప్పు చేశానో మీరు చెప్పనే లేదు కదా" అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని రాసి ఉంటే ఇంకో గంట పట్టేదేమో.

కాబట్టి, రేపు మీరు ప్రాజెక్టు లీడ్ అయినా, ఫెస్ట్ కోఆర్డినేటర్ అయినా, ఉద్యోగంలో ఎవరికైనా పై అధికారి అయినా, ల్యాప్‌టాప్ లాక్కునే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

1. ఇక్కడ లోపం మనిషిలోనా, పథకం బరువులోనా? పథకం తగ్గిస్తే సరిపోతుందా?
2. నేను ఇందులోకి దిగితే, ఇప్పటిదాకా నేను చేస్తున్న పని ఎవరు చేస్తారు?
3. గండం గడిచాక ఈ పని మళ్లీ ఎవరి చేతికి వెళ్తుంది? ఆ మాట వాడికి ఇప్పుడే చెప్పానా?

మూడో ప్రశ్నకి జవాబు ఉంటే ధైర్యంగా దిగొచ్చు. కృష్ణుడు దిగాడు, మెండెన్‌హాల్ దిగాడు. దిగడం తప్పు కాదు. దిగినవాడు అర్జునుడి చేతిలో గాండీవం ఉంచాడా లేదా అన్నదే చూడాలి.

ఈ ఏడాది రోబోకి కోడ్ మళ్లీ ఆ తమ్ముడే రాస్తున్నాడు. మలుపుల దగ్గర ఇంకా కొంచెం ఊగుతోంది. నేను పక్కనే కూర్చుంటున్నాను, చేతులు కట్టుకుని.