విటమిన్ ‘సి’ – మన పచ్చిమిరపకాయ

బలమనగానే మనలో చాలామందికి టానిక్కు సీసాలే గుర్తుకొస్తాయి. మాది మిరప పండించే ఇల్లు. అయినా ఆ కాయకూ ఒక నోబెల్ బహుమతికీ సంబంధం ఉందని కాలేజీకి వచ్చాకగాని నాకు తెలియలేదు.

1928లో హంగేరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ పశువుల అడ్రినల్ గ్రంథుల నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశాడు. పరిశోధనకు సరిపడినంత దొరక్క అవస్థపడ్డాడు. తరువాత సెగెడ్ నగరంలో పనిచేస్తుండగా, ఒక రాత్రి భార్య వడ్డించిన పచ్చి పాప్రికా కాయ తినబుద్ధికాక ప్రయోగశాలకు పట్టుకుపోయాడట. పరీక్షిస్తే అది ఆ పదార్థానికి గని! కొద్ది వారాల్లోనే కిలోకు పైగా చేతికొచ్చింది. అదే విటమిన్ ‘సి’, అనగా ఆస్కార్బిక్ ఆమ్లం. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. పాప్రికా, మన గుంటూరు మిరప ఒకే జాతి మొక్కలు.

ఈ పదార్థం గొప్పతనం ఏమిటి? తన ఎలక్ట్రాన్లను సులభంగా ఇచ్చివేయడం. మన కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు కొన్ని చురుకైన అణువులు పుడతాయి. అవి పక్క అణువుల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని హాని చేస్తాయి. విటమిన్ ‘సి’ తానే ఎలక్ట్రాన్ ఇచ్చి వాటిని శాంతింపజేస్తుంది. అందుకే దీన్ని యాంటీ ఆక్సిడెంట్ అంటారు. ఇది బాగా లోపిస్తే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, గాయాలు మానవు. అదే స్కర్వీ వ్యాధి. ఆవు, మేక దీన్ని తమ కాలేయంలో తామే తయారుచేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు, తినాల్సిందే.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు రక్తం తక్కువగా ఉందన్నారు. “రోజూ తోటకూర తింటూనే ఉన్నాగదరా, రక్తం ఎందుకు పట్టదు?” అని నన్నడిగింది. జవాబు మా రసాయనశాస్త్రంలోనే ఉంది. ఆకుకూరల్లోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పేగులు పీల్చుకోవాలంటే అది ఫెర్రస్‌గా మారాలి. విటమిన్ ‘సి’ ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి ఆ మార్పు తెస్తుంది. అక్క చేస్తున్నది తారుమారు: అన్నం తినగానే టీ! టీలోని టానిన్లు ఇనుమును పట్టేసి ఒంటికి పట్టనీయవు. డాక్టరిచ్చిన మాత్రలు మానొద్దనీ, టీ మాత్రం భోజనానికి గంటా రెండు గంటలు ఎడంగా తాగమనీ, కూరలో నిమ్మకాయ పిండుకోమనీ చెప్పాను. కాన్పు నాటికి రక్తం పెరిగింది. అందులో మాత్ర పాలెంతో, నిమ్మకాయ పాలెంతో నేను చెప్పలేను. మాత్రకు నిమ్మకాయ బదులు కాదు సుమా!

ఈ విటమిన్ వేడికీ గాలికీ నిలవదు, నీటిలో కరిగిపోతుంది. కల్లంలో ఎండబోసిన మిరపలో చాలాభాగం నశిస్తుంది. అందుచేత నిమ్మరసం కూర దించాక పిండాలి; జామ, ఉసిరి పచ్చిగా తినాలి. అలాగని మాత్రలు గుప్పెడు మింగితే లాభం లేదు. ఎక్కువైనది మూత్రంలో పోతుంది. మరీ మితిమీరితే కొందరికి మూత్రపిండాల్లో రాళ్లు కూడా ఏర్పడవచ్చు.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మార్కులతోబాటు ఈ ఒక్క ముక్కా అమ్మకూ, అక్కచెల్లెళ్లకూ చెప్పండి. మన చదువు ముందుగా అక్కరకు రావలసింది వాళ్లకే.