జంగు మీద రంగు నిలవదు

మా ఊరు ఎల్లారెడ్డి దగ్గర ఉంది. మా బడిలో ఒక నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు నుంచి ఇనుప పైపు కిందికి వస్తుంది. పిల్లలు అక్కడే పళ్లేలు కడుగుతారు. అక్కడే నీళ్లు పట్టుకుంటారు.

ఆ పైపుకు జంగు పట్టింది. జంగు అంటే తుప్పు. పుస్తకాల్లో తుప్పు అని రాస్తారు. మనం జంగు అంటాం. రెండూ ఒకటే.

నిరుడు ఎండకాలం మహిళా సంఘం అక్కలు పైసలు కూడేశారు. రంగు డబ్బా కొన్నారు. జంగు మీదనే రంగు పూశారు. పైపు కొత్తదానిలా మెరిసింది. అందరం సంతోషపడ్డాం.

వానాకాలం వచ్చింది. రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. గోటితో గీకితే పెచ్చులు ఊడింది. లోపల జంగు అట్లనే ఉంది.

"పైసలు దండుగాయె. దుకాణపాయన మంచి రంగు ఇయ్యలేదు" అన్నది ఒక అక్క.

నిజంగా తప్పు రంగుదేనా? ఆలోచించండి.

జంగు ఎందుకు పడుతుంది?

ఇనుముకు నీళ్లు తగులుతాయి. గాలి కూడా తగులుతుంది. గాలిలో ఆక్సిజన్ ఉంటుంది. ఇనుము, నీళ్లు, ఆక్సిజన్ మూడూ కలిస్తే జంగు పుడుతుంది. జంగు గుల్లగా ఉంటుంది. ఉబ్బుతుంది. దాని మీద రంగు వేస్తే, రంగు జంగును పట్టుకుంటుంది కాని ఇనుమును పట్టుకోదు. జంగు ఊడితే రంగూ ఊడుతుంది.

నీళ్లున్న చోట ఇనుముకు ఈ బాధ తప్పదు. మన దగ్గర మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు ఉంది. అది 1931లో పూర్తయింది. అంత పెద్ద ప్రాజెక్టు గేట్లైనా, మన బడి పైపైనా, ఇనుముకు కాపలా కావాలి. ఆ కాపలా రంగు. రంగు నిలవాలంటే ముందు జంగు పోవాలి.

మిస్త్రి చూపిన పని

కామారెడ్డి నుంచి ఒక పైపుల మిస్త్రి వచ్చాడు. సంచిలోంచి డ్రిల్లు మిషను తీశాడు. గోడకు బెజ్జం వేసే మిషనే అది. దానికి బెజ్జం వేసే మొన తీసేశాడు. తీగల బ్రష్షు బిగించాడు. ఆ బ్రష్షు చిన్న గిన్నె ఆకారంలో ఉంది. అంచు చుట్టూ ఉక్కు తీగలు ఉన్నాయి.

మిషను గిర్రున తిరిగింది. తీగల మొనలు పైపును తాకాయి. జంగు పొడిపొడిగా రాలింది. చేతి బ్రష్షుతో పూట పట్టే పని గంటలో అయ్యేటట్టు ఉంది.

"నేను చేస్త, ఇయ్యి తమ్మీ" అన్నది ఆ అక్కే. మిషను పట్టుకొని ముందుకు వంగింది. కొంగు జారింది. బ్రష్షుకు జానెడు దూరంలోకి వచ్చింది.

మిస్త్రి టక్కున ప్లగ్గు గుంజాడు. మిషను ఆగింది. అందరం ఊపిరి బిగబట్టినం.

"బ్రష్షు కొంగును అందుకుంటే మనిషిని గుంజుతది అక్కా. ఇడిపిచ్చుకునే సందు ఉండదు. మొదలు కొంగు చెక్కు. జడ ముడేసుకో. గాజులు తీసి పక్కకు పెట్టు" అన్నాడు.

అక్క కొంగును నడుముకు చెక్కుకుంది. జడ ముడి వేసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుంది. మళ్లీ మిషను పట్టింది. పొద్దు గుంకక ముందే పైపంతా శుభ్రం చేసింది.

గుర్తుంచుకోవలసిన మాటలు

1. బ్రష్షు మార్చేటప్పుడు ప్లగ్గు తీయాలి.

2. కళ్లకు అద్దాలు తప్పనిసరి. తీగలు తెగి ఎగురుతాయి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టాలి. పిల్లలను దూరం పంపాలి.

3. తడి నేల మీద నిలబడి కరెంటు మిషను పట్టుకోవద్దు. వైరు తెగి ఉంటే వాడవద్దు.

4. మిషనును రెండు చేతులతో పట్టుకోవాలి. గట్టిగా నొక్కవద్దు. పని చేసేది తీగల మొనలు. నొక్కితే తీగలు వంగుతాయి, తెగుతాయి.

5. ఎంత వేగం వరకు తిరగవచ్చో బ్రష్షు మీద రాసి ఉంటుంది. మిషను వేగం అంతకు మించవద్దు. మనకు చదువు వచ్చింది కదా! చదివి చూసుకోవాలి.

6. జి.ఐ. పైపు మీద జింకు పూత ఉంటుంది. అదే దానికి కాపలా. పూత బాగున్న చోట రుద్దవద్దు. జంగు ఉన్న చోటనే రుద్దాలి.

7. ప్లాస్టిక్ పైపుకు ఈ బ్రష్షు వద్దు. గీతలు పడతాయి.

8. పాత రంగును మిషనుతో గీకవద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం పొడి గర్భిణులకు, పిల్లలకు విషం. ఇండ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటరాదని 2017 నవంబరు 1 నుంచి నియమం ఉంది. అంతకు ముందు వేసిన రంగుతో జాగ్రత్త.

తర్వాత ఏం చేశారు?

పైపును పొడి బట్టతో తుడిచారు. అదే రోజు ప్రైమరు పూశారు. శుభ్రం చేసిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే మంచుకే మళ్లీ జంగు మొదలవుతుంది. ప్రైమరు ఆరినాక రంగు రెండు సార్లు వేశారు.

ఒక్క చోట మాత్రం జంగు కింద లోతు గుంత కనిపించింది. "ఈడ రంగుతోని లాభం లేదు. ముక్క మార్చాలె" అన్నాడు మిస్త్రి. సంఘం వాళ్లు ఆ ముక్క మార్పించారు. గీకకపోతే ఆ గుంత తెలిసేదే కాదు. ఏదో ఒక రోజు పైపు పగిలేది. బడికి నీళ్లు ఆగిపోయేవి.

ఇంకో మాట. ఈ బ్రష్షు పైపు బయటి జంగునే తీస్తుంది. నల్లా నీళ్లు ఎర్రగా వస్తే లోపల జంగు ఉండవచ్చు. దానికి బయట గీకితే లాభం లేదు. పైపును మిస్త్రికి చూపించాలి.

ఈ వానాకాలం కూడా గడిచింది. బడి పైపు మీద రంగు చెక్కు చెదరలేదు. ఆ అక్క ఇప్పుడు పక్క ఊరి బడి గేటుకు జంగు తీయడానికి పోతున్నది. కూలి మాట్లాడుకొనే పోతున్నది.

చెప్పండి

1. మొదటిసారి వేసిన రంగు ఎందుకు ఊడింది?
2. మిస్త్రి ప్లగ్గు ఎందుకు గుంజాడు?
3. మీ ఇంట్లో, మీ ఊర్లో జంగు పట్టినవి ఏమేమి ఉన్నాయి?

చదవండి, రాయండి

జంగు – రంగు – కొంగు
పైపు – తుప్పు – పూత
బ్రష్షు – ప్లగ్గు – మిస్త్రి

ఖాళీ నింపండి

ముందు ............ తీయాలి. తర్వాత ............ వేయాలి.