చాగోస్: చేపలకు రక్షణ, మనుషులకు?

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల చుట్టూ 2010 ఏప్రిల్ 1న బ్రిటన్ సముద్ర రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. 5 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ జలాల్లో వాణిజ్య చేపల వేట బంద్. పగడపు దిబ్బలకు మేలే. మరి అమెరికా సైనిక స్థావరం కోసం 1968-73 మధ్య వెళ్లగొట్టిన చాగోసియన్లు తిరిగొస్తే బతుకుతెరువేది? ఆ స్థావరమున్న డీగో గార్సియాను, దాని చుట్టూ 3 నాటికల్ మైళ్లను మాత్రం రక్షిత పరిధి నుంచి తప్పించారు. అసలు గుట్టు అక్కడే ఉంది.

ఈ దీవులు తమవేనంటున్న మారిషస్ ఫిర్యాదుపై సముద్ర చట్టాల ఒప్పందం కింద ఏర్పడిన మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్, మారిషస్ హక్కులను బ్రిటన్ పట్టించుకోలేదన్న వాదనతో ఏకీభవించి, ఆ ప్రకటన ఒప్పందానికి విరుద్ధమని 2015 మార్చి 18న తేల్చింది. పోటీ పరీక్షల అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే: చాగోస్‌పైనే వచ్చినా, 2019 ఫిబ్రవరి 25 నాటిది అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం, దాని అంశం వలస పాలన ముగింపు, చేపల వేట కాదు.