మే నెల కరెంటు బిల్లు జనవరి నుంచే కట్టేవాళ్లు

గుంటూరు మిర్చి యార్డుకు ఏటా మే నెలలో వేసవి సెలవులు మొదలవుతాయి. యార్డులో కాటా ఆగిన ఆ రోజుల్లోనే ఇళ్లలో కరెంటు మీటరు పరుగు అందుకుంటుంది. నల్లపాడు చుట్టుపక్కల పత్తి, మిర్చి మీద బతికే కుటుంబాలకు ఇదో తిరకాసు. పత్తి డబ్బు దసరా తర్వాత మొదలై సంక్రాంతి దాటేదాకా విడతలుగా వస్తుంది. మిర్చి కల్లాల్లో ఆరి, టిక్కీలకెక్కి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు చేరుతుంది. అంటే చేతిలో డబ్బు ఆడే రోజుల్లో చాలావరకు ఫ్యాను కూడా పెద్దగా అక్కర్లేదు. ఏసీ, కూలరు, ఫ్రిజ్ తెరిపి లేకుండా నడిచే రోజులకు రాబడి సన్నగిల్లుతుంది. ధర రాలేదని సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న రైతుకైతే ఆస్తి బాండు కాగితంగా ఉంటుంది. బిల్లు మాత్రం నగదే అడుగుతుంది.

బ్రిటన్‌లో ఈ క్యాలెండర్ తిరగబడి ఉంటుంది. అక్కడ ఖర్చంతా చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికే. చాలా కుటుంబాల బ్యాంకు ఖాతాల నుంచి నెలనెలా ఒకే మొత్తం కరెంటు, గ్యాస్ కంపెనీకి వెళ్తుంది. వేసవిలో జమ పెరుగుతుంది, చలికాలంలో కరుగుతుంది. మన దగ్గర ఆ సర్దుబాటు ఎవరూ చేసిపెట్టరు. ఇంటి మనిషే చేసుకోవాలి. అందుకే ఇది కరెంటు సంగతి ఎంతో, స్వభావం సంగతీ అంతే.

ముందు లెక్క తెలియాలి. యూనిట్లు రెట్టింపైతే బిల్లూ రెట్టింపే అవుతుందనుకుంటే దెబ్బతిన్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూ.1.90. అక్కడి నుంచి 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఈ లెక్కన జనవరిలో 150 యూనిట్లు కాల్చిన ఇంటికి కరెంటు ఛార్జీ రూ.567. అదే ఇల్లు మేలో 380 యూనిట్లు కాలిస్తే రూ.2,373. వాడకం రెండున్నర రెట్లు, ఛార్జీ నాలుగు రెట్ల పైమాటే. మిగతా ఛార్జీలు, సుంకం వేరే.

ఇప్పుడు ఏడాది మొత్తం చూడండి. ఎనిమిది నెలలు 150 యూనిట్ల చొప్పున, మార్చిలో 250, ఏప్రిల్, జూన్‌లలో 330, మేలో 380 వాడే ఇల్లు ఒకటి ఉందనుకుందాం. ఏడాది ఛార్జీ దాదాపు రూ.12,000. నెలకు వెయ్యి! బిల్లు రూ.567 వచ్చిన నెలలో మిగిలిన రూ.433 ఖర్చు పెట్టేయొచ్చు అనిపిస్తుంది. నిజానికి అది మే నెల సొమ్ము, తొందరపడి ముందే వచ్చిందంతే.

ఆ సొమ్ము చేతిలో ఎందుకు నిలవదో ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ పని చూస్తే కొంత అర్థమవుతుంది. 2017లో నోబెల్ అందుకున్న ఈయన, మనుషులు డబ్బును మనసులో వేర్వేరు ఖాతాలుగా విడగొట్టుకుంటారని వివరించాడు. పేరు పెట్టిన డబ్బు మీద చెయ్యి వేయడానికి మనసు ఒప్పదు. పోపులపెట్టెలో పిల్లల ఫీజుకని దాచిన నోట్ల జోలికి పోని ఇల్లాలికి ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పనక్కర్లేదు. "మే కరెంటు" అని పేరు రాసిన కవరైనా, పోస్టాఫీసు ఆర్డీ అయినా పని ఒకటే. మిర్చి డబ్బు చేతికొచ్చిన వారంలోనే విద్యుత్ పంపిణీ సంస్థ ఖాతాలో కొంత ముందుగా కట్టేస్తే తర్వాతి బిల్లుల్లో సర్దుతారు. చెయ్యి జారే మనిషికి ఇదే క్షేమం.

మీటర్ రీడర్ చించి ఇచ్చే పొడవాటి చీటీని అడుగున ఉన్న మొత్తం మాత్రమే చూసి మేకుకు గుచ్చేసే ఇళ్లే ఎక్కువ. అందులో ఇంధన సర్దుబాటు పేరుతో ఒక వరస ఉంటుంది. అది ఎప్పుడో వాడేసిన కరెంటు తాలూకు బాకీ. అలాగే 2014-19 మధ్య వాడకానికి సంబంధించిన ట్రూఅప్ (పాత ఖర్చుల సర్దుబాటు) ఛార్జీలు 2022 ఆగస్టు నుంచి బిల్లుల్లో చేరాయి. పాత టారిఫ్‌లో ఇంకో ముచ్చట ఉండేది. నిరుటి వాడకాన్ని బట్టి ఇంటిని ఎ, బి, సి గ్రూపుల్లో వేసేవారు. ఒక్క వేసవి దుబారా మరుసటి ఏడాది పొడుగునా వెంటాడేది. ఇప్పుడు ఆ గ్రూపులు లేవు గానీ, అదనపు డిపాజిట్ నోటీసు ఉంది. సగటు వాడకాన్ని చూసి రెండు నెలల ఛార్జీకి సమానంగా డిపాజిట్ ఉండాలంటారు. దాన్ని జరిమానా అనుకుని కౌంటరు దగ్గర గొడవ పడేవాళ్లున్నారు. అది వినియోగదారుడి సొమ్మే. 2003 విద్యుత్ చట్టం ప్రకారం దాని మీద వడ్డీ కూడా రావాలి. అడగాల్సింది ఆ వడ్డీ ఏ బిల్లులో జమైందని.

మేడ మీద సోలార్ పెట్టినవాళ్ల కథ వేరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్ర రాయితీ రూ.78,000. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకున్నా నెలకు 360. చల్లని నెలల్లో మిగులు యూనిట్లు ఖాతాలో జమ చూపిస్తుంటే, "ఇంకేం, ఫ్రీయేగా" అని రెండో ఏసీ కొనే ఉత్సాహం పుడుతుంది. జమ చూసి ఖర్చు పెంచుకోవడం అప్పు చేయడానికి తొలి మెట్టు. మబ్బు పట్టిన ఆగస్టులో ఉత్పత్తి తగ్గుతుంది. మండు వేసవిలోనూ పలక వేడెక్కి, 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం నష్టపోతుంది. మిగులు లెక్క ఏ నెలలో తేలుస్తారో ఒప్పందంలో చూసుకోకపోతే జమ అంచనా తప్పుతుంది.

దాచడం ఎంత ముఖ్యమో, పై శ్లాబు ఎక్కకుండా చూసుకోవడమూ అంతే. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మే నెల శ్లాబులో అది రూ.175. కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. రిమోట్ చేతికి రాగానే 18కి దించేది మనుషులే.

దసరాకు పత్తి తొలి డబ్బు వచ్చేసరికి కవరులో ఎంత మిగిలిందో భార్యాభర్తలు కలిసి చూసుకోవడం మంచిది. మూడొందలో నాలుగొందలో మిగిలితే అందులోనే ఉంచాలి. జూన్‌లో వేరే డబ్బు కలపాల్సి వచ్చి ఉంటే, ఈసారి నెలకు వెయ్యి బదులు పదకొండు వందలు పక్కన పెట్టాలి.