ట్రాక్టరు ఇంజను మరమ్మతు: తైలపు జాలిని మరువరాదు

చిత్తూరు నుండి కడపకును, తిరుపతికిని పోవు రహదారులు విడిపోవు కూడలి పూతలపట్టు. మామిడి తోటలు, చెరకు మళ్ళు గల ఈ ప్రాంతమున సేద్యము చాలవరకు బావుల మీదనే ఆధారపడి యున్నది. కావున నీరు తోడు యంత్రము ఇచ్చటి వారికి క్రొత్త కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వమే మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను అధికారి బావులపై ఆయిల్ ఇంజన్లను నెలకొల్పు పద్ధతిని ప్రోత్సహించెను. తరువాతి కాలమున బావుల వద్ద ఆ ఇంజన్ల స్థానమును విద్యుత్తు మోటార్లు ఆక్రమించినవి. కాని ఇంజను గ్రామమును విడువలేదు. ట్రాక్టరు రూపమున పంచాయతీ వాకిటికే వచ్చినది.

చెత్త తరలించుటకు, వేసవిలో ట్యాంకరుతో త్రాగునీరు అందించుటకు ట్రాక్టరు ఎంత అవసరమో సభ్యులకు తెలిసినదే. 2019లో తెలంగాణలో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చబడెను. ఇట్టి బండి ఏండ్ల తరబడి పనిచేసిన పిమ్మట ఇంజను విప్పి బోరు చేయించవలసిన దినము వచ్చును. ఆ ఖర్చు పంచాయతీకి చిన్నది కాదు. అంత ఖర్చు పెట్టియు ఒక చిన్న భాగమును ఉపేక్షించినచో ఇంజను మరల చెడిపోవచ్చును. ఆ భాగమే తైలపు జాలి. దానిని గూర్చి ఇచ్చట విశదీకరింతుము.

జాలి చేయు పని

ఇంజను అడుగున తైలము నిలువయుండు పాత్రను మేస్త్రీలు ఆయిల్ ఛాంబరు అందురు. అందులో మునిగియుండు జల్లెడయే జాలి. దాని నుండి ఒక గొట్టము ఆయిల్ పంపునకు పోవును. పంపు ఆ తైలమును పీల్చి, ఫిల్టరు గుండా క్రాంకు బేరింగులకును, ఇతర భాగములకును పంపును. క్రాంకునకు, బేరింగునకు నడుమ నిలుచు తైలపు పొర తలవెంట్రుక కంటె పలుచనిది. అది క్షణకాలము తెగినను లోహము లోహమును ఒరసికొని కాలిపోవును.

బావి పంపు నెరిగిన రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. బావిలోని ఫుట్‌వాల్వునకు నాచు చుట్టుకొన్నచో పంపు ఎంత తిరిగినను నీరు రాదు. పీల్చు గొట్టపు జాయింటు వద్ద గాలి చొరబడినచో నీరు తెగిపోవును. పంపు తన శక్తి మేరకు నీటిని ఎత్తునకు నెట్టగలదు. కాని పీల్చునప్పుడు నీటిని పైకి త్రోయునది వాతావరణ పీడనము మాత్రమే. అందుచే లెక్క ప్రకారము సుమారు 33 అడుగులకు మించి, వాడుకలో 20, 25 అడుగులకు మించి పంపు పీల్చలేదు. ఇంజనులోని ఆయిల్ పంపునకును ఇదే నియమము. పీల్చు వైపు కలుగు చిన్న అడ్డంకి గాని, సన్నని సందు గాని పెద్ద కీడును తెచ్చును. ఇంకొక సంగతి: ఫిల్టరు పంపునకు తరువాత నుండును. జాలిని దాటిన మలినము మొదట పంపులోనికే పోవును.

మలినము చేరు విధము

చెత్తబండి ఇంటింటి వద్ద ఆగుచు పోవును. ఇంజను తగినంత వేడెక్కదు. లోపల చేరిన తేమయు, పొగమసియు తైలముతో కలిసి నల్లని మడ్డియై జాలికి పట్టును. తైలమును గడువునకు మార్చనిచో ఈ మడ్డి త్వరగా పెరుగును. పెక్కు ట్రాక్టర్లకు ఈ గడువు సుమారు 250 గంటలు. ఐనను బండితో ఇచ్చిన పుస్తకమే ప్రమాణము. బేరింగు అరిగినపుడు లోహపు పొడి జాలి కన్నులలో చిక్కుకొనును. ప్యాకింగు బదులు పూయు జిగురుమందు అధికమైనచో, లోపలికి పొంగిన ముక్కలు ఊడి జాలిని మూయును. రాతి దెబ్బకు రేకు ఛాంబరు లోనికి సొట్టపడినచో జాలికి, అడుగునకు మధ్య సందు తగ్గి తైలము అందదు.

కడుగుటయా, మార్చుటయా?

కొన్ని ట్రాక్టర్లలో ఛాంబరు బండి దేహములోనే భాగమై యుండును. ముందు భాగమును ఎత్తి నిలుపక దానిని విప్పుట సాధ్యము కాదు. కావున ఇంజను విప్పిన సమయమే జాలిని చూచుటకు తగిన సమయము.

జాలి తెరచియున్న రకమై, తీగ చెక్కుచెదరక యున్నచో కిరసనాయిలులో గాని డీజిలులో గాని నానబెట్టి, మెత్తని కుంచెతో రుద్ది, గాలితో ఊదవలెను. గాలిని లోపలి నుండి వెలుపలికి పంపవలెను. లేనిచో మలినము గొట్టములోనికే పోవును. పిదప వెలుతురునకు ఎదురుగా పట్టి ప్రతి కన్నును పరీక్షింపవలెను. దూదిపీచుతో తుడువరాదు, ఆ పోగులే మరల జాలికి అడ్డుపడును.

జాలి చినిగినను, గొట్టము నలిగినను, అతుకు బీటవారినను క్రొత్తది వేయవలెను. లోపలి భాగము కనబడని మూసిన రకమైనచో, అందును బేరింగు చెడి లోహపు ముక్కలు రాలిన ఇంజనైనచో, కడిగితిమని తృప్తి పడరాదు, మార్చుటయే క్షేమము. ఆ స్థితిలో పంపును కూడ విప్పి చూడవలెను. తైలపు మార్గములను, తైలమును చల్లార్చు కూలరున్నచో దానిని శుభ్రపరుపవలెను. గొట్టపు ప్యాకింగు, రబ్బరు వలయము ఎంత బాగుగా కనబడినను పాతవి వాడరాదు. వాని ఖరీదు స్వల్పము. వాని సందున చొరబడు గాలి వలన కలుగు నష్టము మాత్రము క్రాంకు అంతటిది.

సభ్యులు గమనింపవలసినవి

1. మరమ్మతు అంచనాలో జాలి, గొట్టపు ప్యాకింగు, ఫిల్టరు, తైలము విడివిడిగా వ్రాయించవలెను.

2. ఛాంబరు విప్పు దినమున ఒక సభ్యుడును, డ్రైవరును షెడ్డులో నుండవలెను. అడుగున నల్లని మడ్డి యున్నదా, మెరయు లోహపు పొడి యున్నదా చూచి వ్రాసికొనవలెను. రాగిరంగు రజను కనబడినచో బేరింగు పైపొర అరిగినదని అనుమానింపవలెను.

3. మార్చిన పాత భాగములను తిరిగి పుచ్చుకొని, బిల్లు చెల్లించు వరకు కార్యాలయమున ఉంచవలెను.

4. బిగింపునకు ముందు పంపులో తైలము నింపించవలెను. డీజిలు అందకుండ ఆపి, కొలత ముల్లు లేచు వరకు, స్టార్టరు వేడెక్కకుండ నడుమ నడుమ ఆపుచు, ఇంజనును త్రిప్పించవలెను. ఆ తరువాతనే స్టార్టు చేయవలెను.

5. స్టార్టైన కొన్ని క్షణములలో తైలపు ఒత్తిడి చూపనిచో వెంటనే ఆపవలెను. తరువాత వచ్చునని వేచియుండరాదు.

6. బోరు చేసిన ఇంజనుకు మొదటి తైలమును త్వరగా, పుస్తకములో చెప్పిన గంటలకే మార్చవలెను. తేదీని, గంటల మీటరు అంకెను పుస్తకమున వ్రాయవలెను.

7. తీసిన పాత తైలమును కాలువలో గాని బావి చెంత గాని పోయరాదు. 2016 నాటి నిబంధనల ప్రకారము అది ప్రమాదకర వ్యర్థము. డబ్బాలో భద్రపరచి, అనుమతి గల వారికే అప్పగింపవలెను.

డ్రైవరు చెప్పుమాటను సభ్యులు ఆలకింపవలెను. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగునపుడు మాత్రమే ఒత్తిడి పడిపోయినచో బేరింగుల అరుగుదల కారణము కావచ్చును. వేగము హెచ్చినపుడు పడిపోయినచో జాలి మూసికొనినదేమో చూడవలెను. ముల్లు అటునిటు ఊగినచో గాలి చొరబడుచున్నదేమో, తైలము తగ్గినదేమో పరీక్షింపవలెను. ఎఱ్ఱదీపము వెలిగినను బండిని నడిపించుమని డ్రైవరును ఎవరును ఒత్తిడి చేయరాదు.

వేసవి నడుమ ట్రాక్టరు షెడ్డున పడియున్నచో నష్టపోవునది పంచాయతీ నిధి మాత్రమే కాదు. ట్యాంకరు కొరకు బిందెలతో నిలుచు గృహిణులును, చెత్త ప్రక్కనే బ్రతుకు వీధివారును. ఇంజనును విప్పినపుడు అరచేతిలో ఇమిడెడు ఆ జాలిని చూపుమని మేస్త్రీని అడుగుటకు ఏ సభ్యుడును సంకోచింపరాదు. అది ప్రజల సొత్తు. అడుగుట సభ్యుని విధి.