పంట చివరి వారం, మన మోకాలు



మన గ్రూపులో ఆకు గురించి, ఊజీ ఈగ గురించి, గూళ్ల ధర గురించి మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి పాఠం మోకాలు. పురుగుకు రోగం వస్తే ఒక పంట పోతుంది. మోకాలు చెడితే ఏడాదిలో తీసే ఐదు పంటలకూ ఇబ్బందే. ఇది మా రూపనగుడి వైపు రైతులకే కాదు, షెడ్డు ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే విషయం.

ముందే అసలు మాట చెప్తాను. మన మోకాలు ఎక్కువగా పాడయ్యేది దెబ్బ తగిలిన తర్వాతి వారంలో. ఎందుకంటే పురుగులు ఆగవు. నాలుగో జ్వరం లేచిన తర్వాత ఏడెనిమిది రోజుల్లోనే మొత్తం ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా తింటాయి. ఆ వారంలో కాలు మడతపడితే "ఈ పంట దించేద్దాం, తర్వాత చూసుకుందాం" అంటాం. ఆ మాటతోనే చిన్న బెణుకు పెద్దదవుతుంది.

*మోకాలు ఎట్లుంటుంది?*

పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందర చిప్ప. రెండు ఎముకల మధ్య అర్ధచంద్రం మాదిరి రెండు గుజ్జు దిండ్లు ఉంటాయి. ఎముకలను పట్టి ఉంచేవి నాలుగు లిగమెంట్లు: కీలు లోపల రెండు, పక్కలకు రెండు. చిప్ప మీద చర్మం కింద చిన్న నీటి సంచి ఉంటుంది. మోకాలు తలుపు కీలు మాదిరి ముందుకు వెనక్కు ఆడుతుంది. బరువు మీదున్నప్పుడు పక్కకు మెలి తిప్పితే తట్టుకోలేదు.

*మన పనిలో దెబ్బ ఎక్కడ తగులుతుంది?*

1. కొమ్మల మోపు భుజాన ఉంటుంది. పాదం నల్లరేగడి బురదలోనో, మల్బరీ మోడు పక్కనో ఇరుక్కుంటుంది. ఒళ్లు మాత్రం తిరుగుతుంది. గుజ్జు చిరిగేదీ, లిగమెంటు తెగేదీ ఎక్కువగా ఇట్లనే.

2. పండిన పురుగులు ఏరేటప్పుడు, చంద్రికల నుంచి గూళ్లు విడిపించేటప్పుడు గంటల తరబడి గొంతుక్కూర్చుంటాం. అప్పుడు చిప్ప వెనక ఒత్తిడి చాలా ఎక్కువ. లేచేటప్పుడు పట్టేసినట్టు ఉండేది అందుకే.

3. నేల మీద పురుగులు మేపేవాళ్లు మోకాళ్లు ఆనించి పడక శుభ్రం చేస్తారు. చిప్ప మీద నీటి సంచి ఉబ్బుతుంది. ఇంగ్లండులో ఒకప్పుడు నేల తుడిచే పనిమనుషులకు ఇది ఎక్కువగా వచ్చేది, అక్కడ దానికి వాళ్ల పేరే పెట్టారు.

4. షెడ్డు కడిగి బ్లీచింగు నీళ్లు కొట్టిన తర్వాత తడి గచ్చు మీద జారడం. పై అరకు మేత వేసి కిందికి దూకడం.

*రాకుండా ఏం చేయాలి?*

మోపు సగం చేయండి. ఒక పెద్ద మోపు బదులు రెండు చిన్నవి, రెండు తిరుగుళ్లు. తోపుడు బండి ఉంటే మోపే అక్కర్లేదు. బరువుతో తిరగాల్సి వస్తే ముందు పాదం ఎత్తి తిప్పండి, ఆ తర్వాత ఒళ్లు తిప్పండి. ఇది పిల్లలకు కూడా నేర్పండి.

గూళ్లు విడిపించడానికి గొంతుక్కూర్చోకుండా చంద్రికను బల్ల మీద పెట్టుకుని, కుర్చీలోనో ఎత్తు పీట మీదనో కూర్చోండి. ప్లాస్టిక్ నేత్రికలైతే ఇంకా సులువు. నేల మీదే చేయాల్సి వస్తే మోకాళ్ల కింద గోనెసంచి నాలుగు మడతలు వేసుకోండి, 20 నిమిషాలకోసారి లేచి పది అడుగులు నడవండి.

కొత్తగా స్టాండ్లు కట్టించేవాళ్లు కింది అర మోకాలి ఎత్తుకు తక్కువ కాకుండా, పై అర నేల మీద నిలబడి చేయి అందేట్టు కట్టించండి. కొమ్మ కోసేటప్పుడు హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టే బూట్లు వేసుకోండి. డ్రిప్ పైపులు దారికి అడ్డంగా వదలొద్దు.

ఒంటి బరువు కూడా లెక్కే. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలో మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధనలో తేలింది.

*దెబ్బ తగిలిన రోజు*

పని అక్కడే ఆపాలి. మోపు కింద పడేయండి, ఇంకొకరి ఆసరాతో ఇంటికి రండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు పెట్టండి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయవచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. సాగే గుడ్డతో కట్టు కట్టండి. వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా వెంటనే వదులు చేయండి. పడుకున్నప్పుడు కాలు కింద దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచండి.

మొదటి రెండు మూడు రోజులు నాలుగు పనులు చేయొద్దు: వేడి కాపడం, నూనె పెట్టి గట్టిగా మర్దన, కాలు లాగించుకోవడం, మందు తాగడం. ఇవి వాపును పెంచుతాయి.

నొప్పి మాత్ర మింగి షెడ్డులోకి పోవద్దు. నొప్పి తెలియకపోతే దెబ్బ మీద దెబ్బ పడుతుంది. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొనుక్కోకూడదు. ఊళ్లో ఎవరి చేతనైనా కీలులోకి ఇంజెక్షను వేయించుకోవద్దు, చీము పడితే కీలుకే మోసం వస్తుంది.

*వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?*

- నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే
- మోకాలు 90 డిగ్రీలు, అంటే కుర్చీలో కూర్చున్నంత, వంగకపోతే
- ఠప్పుమని శబ్దం వచ్చి కొన్ని గంటల్లోనే బాగా ఉబ్బితే
- మోకాలు సగంలో ఇరుక్కుని చాపలేకపోతే
- ఆకారం మారినా, పాదం చల్లబడినా, స్పర్శ లేకపోయినా
- జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా, వేడిగా ఉంటే
- పిక్క వాచి నొప్పి పెడితే, ఊపిరి అందకపోతే

దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. పెద్ద దెబ్బ అయితే 108కి ఫోను చేసి, మనమందరం విమ్స్ అని పిలిచే బళ్ళారి పెద్దాసుపత్రికి పోండి. ఆయుష్మాన్ కార్డు, రేషను కార్డు వెంట తీసుకుపోండి. ఎక్స్‌రేలో ఎముక మాత్రమే కనపడుతుంది. "ఎక్స్‌రే బాగుంది" అన్నా కాలు జారిపోతున్నట్టు అనిపిస్తే లిగమెంటు, గుజ్జు సంగతి డాక్టరును అడగండి, ఎంఆర్ఐ అవసరం కావచ్చు.

చాలామంది పుత్తూరు కట్టు గురించి అడుగుతారు. కట్టు అనేది విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికి. పూర్తిగా తెగిన లిగమెంటును అది అతికించదు. కాబట్టి ఏ కట్టుకు పోయినా ముందు డాక్టరుకు చూపించి, ఏం తెగిందో తెలుసుకున్న తర్వాతే.

*మరి పురుగుల సంగతి?*

అసలు చిక్కు ఇదే. ముందే ఏర్పాటు ఉండాలి. పక్క షెడ్డు రైతుతో ఇప్పుడే మాట్లాడుకోండి: నాకు కష్టమొస్తే వారం రోజులు నువ్వు, నీకొస్తే నేను. అందరూ ఒకే రోజు చాకీ పురుగులు దించుకోకుండా నాలుగైదు రోజుల తేడా పెట్టుకుంటే ఒకరికొకరు ఆసరా కావచ్చు. పంట మధ్యలో దెబ్బ తగిలితే మీ పని కుర్చీలో కూర్చుని చెప్పడం వరకే. కొమ్మ కోయడం, మోయడం కూలీలకు అప్పజెప్పండి. ఆ కూలి ఖర్చు మోకాలి ఆపరేషను ఖర్చు కంటే, పోయే పంటల కంటే చాలా తక్కువ. తర్వాతి పంటకు గుడ్లు సగానికి తగ్గించుకోండి.

*కోలుకోవడం*

చిన్న బెణుకుకు ఒకటి నుంచి మూడు వారాలు. పక్క లిగమెంటు కొంత చిరిగితే నెల, నెలన్నర. లోపలి ముందు లిగమెంటుకు ఆపరేషను అయితే బరువు పనికి కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు. కొమ్మ కోసిన తర్వాత తోటకు 45-60 రోజులు గడువు ఇస్తాం కదా. తొందరపడి లేత కొమ్మ కోస్తే మొక్క నీరసిస్తుంది. కాలుకూ అంతే.

డాక్టరు సరేనన్న తర్వాత రోజుకు మూడు పూటలా:

1. కాలు చాపి, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి కిందికి నొక్కండి. ఐదు లెక్కపెట్టేదాకా ఉంచి వదలండి. పది సార్లు.
2. పడుకుని, ఒక కాలు మడిచి, దెబ్బ తగిలిన కాలు తిన్నగా జానెడు ఎత్తండి. పది సార్లు.
3. మడమను నేల మీద జరుపుతూ మోకాలు మెల్లగా వంచి చాపండి.
4. నొప్పి తగ్గిన తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి.

మరుసటి ఉదయానికి వాపు పెరిగితే ముందురోజు ఎక్కువ చేసినట్టు లెక్క, తగ్గించండి. మెట్లు నొప్పి లేకుండా దిగగలిగి, రెండు తొడలూ ఒకే బలంగా అనిపించిన తర్వాతే మోపు ఎత్తండి. అదీ మొదట పావు మోపు.

ప్రకాశం జిల్లాలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు అయ్యాయి. తిరిగి కాలికి బలం తెచ్చుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాడు. తెగిన మోకాలితో కూడా తిరిగి లేవవచ్చు. కాకపోతే ఓపిక, రోజూ వ్యాయామం కావాలి.

ఈ వారం రెండు పనులు చేయండి. షెడ్డులో ఒక ఎత్తు పీట పెట్టండి. ఆపదలో మీ పురుగులకు మేత వేసేదెవరో ఒక మనిషిని ఇప్పుడే అడిగి ఖాయం చేసుకోండి. అనుమానాలుంటే గ్రూపులో అడగండి.