జిన్నింగు మిల్లు ఫ్యానుకు గ్రీజు ఎంత?

ఎనుమాముల మార్కెట్ యార్డులో అమ్మిన పత్తి జిన్నింగు మిల్లులకు చేరుతుంది. అక్కడ పత్తిని గొట్టాల గుండా లాగేదీ, దుమ్మును బయటికి నెట్టేదీ ఫ్యానే. దాని సంరక్షణ గురించి విద్యార్థి మిత్రులకు నాలుగు మాటలు చెప్పదలిచాను.

"గ్రీజు ఎంత పెడితే అంత మంచిది గదా!" అన్నది నేను తరచు వినే మాట. అది సరికాదు. బేరింగు గూటిలోని ఖాళీలో మూడోవంతు నుంచి సగం దాకా చాలు. నిండా కూరితే గ్రీజు చిలికినట్లయి వేడెక్కుతుంది. సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక, పెరిగే ప్రతి 15 డిగ్రీలకూ గ్రీజు ఆయుష్షు సగమవుతుందని లెక్క. సోడియం గ్రీజులో లిథియం గ్రీజు కలపరాదు. గ్రీజు గన్ను పెట్టేముందు నిపుల్ తుడవాలి. లేకుంటే దుమ్మును కూడా లోపలికి ఎక్కించినట్లే.

రెక్కలకు పీచు ఒకవైపు పేరుకుంటే తూకం తప్పి ఫ్యాను అదురుతుంది, బేరింగు అరుగుతుంది. కాలే బేరింగు పక్కన పత్తి పీచు ఉంటే ఇక చెప్పేదేముంది, నిప్పే!

చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. స్విచ్చి ఆపినా ఫ్యాను కొంతసేపు తిరుగుతుంది. పూర్తిగా నిలిచేదాకా ఆగాలి.

సెలవుల్లో ఏ మిల్లుకైనా వెళితే అక్కడి ఫిట్టరును అడగండి: "అన్నా, కిందటిసారి గ్రీజు ఎప్పుడు పెట్టిండ్రు?" తేదీ రాసిన పుస్తకం చూపిస్తే ఆ మిల్లు క్షేమంగా నడుస్తున్నట్లే.